హెడ్‌సెట్ డబ్బా వెనక చిన్న అక్షరాలు

మొబైల్ షాపు గోడకు వరసగా వేలాడే వైరు హెడ్‌సెట్లలో ఏదో ఒకటి తీసి డబ్బా వెనక్కి తిప్పండి. దాదాపు అన్నిటిమీదా ఒకటే జాతకం. డ్రైవర్ 10 మిల్లీమీటర్లు. ఇంపిడెన్స్ 32 ఓంలు. ఫ్రీక్వెన్సీ 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్. సెన్సిటివిటీ 100 డెసిబెల్స్, మూడు అటూ ఇటూగా. మైక్ మైనస్ 42 డెసిబెల్స్. వైరు 1.2 మీటర్లు. పిన్ 3.5 మిల్లీమీటర్లు. నూటయాభై రూపాయల సరుకుకూ ఇదే, పదిహేను వందల సరుకుకూ ఇదే. అన్నీ ఒకటే అయితే ధరలో పదింతల తేడా ఎందుకన్న అనుమానం ఎవరికైనా వస్తుంది.

ఆ తేడా కొంత డబ్బా మీద అసలు రాయని విషయాల్లో ఉంటుంది, కొంత సగమే రాసి వదిలేసిన విషయాల్లో ఉంటుంది. భౌతికశాస్త్రంలో కొలత అంటే అంకె ఒక్కటే కాదు. ఎంత వోల్టేజీ ఇస్తే అంత వచ్చింది, ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర కొలిచారు, ఎంత దూరంలో కొలిచారు అన్న షరతులు పక్కన ఉంటేనే దానికి అర్థం. అవి లేని అంకె, ఊరి పేరు చెరిగిపోయి కిలోమీటర్లు మాత్రం మిగిలిన మైలురాయి లాంటిది. దూరం తెలుస్తుంది, ఎక్కడికో తెలియదు. హెడ్‌సెట్ డబ్బాల మీద ఇలాంటి మైలురాళ్లే ఎక్కువ.

అందరికీ ముందు కనబడేదీ, అన్నిటికంటే పనికిరానిదీ ఫ్రీక్వెన్సీ పరిధి. 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్ దాకా అన్నది నిజానికి ఆరోగ్యంగా ఉన్న యువకుడి చెవి పరిధి. దాన్ని తీసుకొచ్చి డబ్బా మీద అచ్చేశారు. ఆ హెడ్‌సెట్ 20 హెర్ట్జ్ దగ్గర ఏదో ఒక శబ్దం చేస్తుందన్నది నిజమే కావచ్చు. మధ్యస్థాయి శబ్దాలతో పోలిస్తే అది ఎంత కిందికి పడిపోయిందన్నది కావాలి. 'మూడు డెసిబెల్స్ అటూ ఇటూగా' అన్న షరతు పరిధి పక్కన ఉంటే అది హామీ, లేకపోతే అలంకారం. కొన్ని డబ్బాల మీద 40 కిలోహెర్ట్జ్ అని కూడా ఉంటుంది. నడివయసు దాటిన చాలామందికి 15 కిలోహెర్ట్జ్ పైన ఏమీ వినబడదు. గబ్బిలాలకైతే పనికొస్తుంది.

బేస్ విషయంలో ఈ అంకె కంటే డబ్బాలో పడేసిన రబ్బరు మొగ్గలు ఎక్కువ పని చేస్తాయి. చెవి రంధ్రానికీ మొగ్గకూ మధ్య సన్నని సందు ఉన్నా తక్కువ ఫ్రీక్వెన్సీ శబ్దాలు అందులోంచి జారిపోతాయి. కాబట్టి 'బేస్ లేదు' అని హెడ్‌సెట్‌ను తిట్టేముందు దాంతో వచ్చిన మూడు సైజుల మొగ్గల్నీ మార్చి చూడాలి. చాలామంది చూడరు. మొగ్గల కవరు విప్పకుండానే డబ్బాతోపాటు పోతుంది.

డ్రైవర్ సైజు కూడా ఈ కోవలోదే. డ్రైవర్ అంటే చిన్న స్పీకరు: పలచని పొర, దానికి అంటించిన సన్నని రాగి తీగచుట్ట, వెనక అయస్కాంతం. పాట విద్యుత్తు రూపంలో తీగచుట్టలోకి రాగానే అది అయస్కాంత క్షేత్రంలో ముందుకూ వెనక్కూ కదులుతుంది, దాంతోపాటు పొర కదిలి గాలిని నెడుతుంది. అమెరికాలోని యూటా రాష్ట్రంలో నథానియెల్ బాల్డ్విన్ 1910 ప్రాంతంలో తన వంటింట్లో తయారుచేసి అమెరికా నౌకాదళానికి అమ్మిన హెడ్‌ఫోన్లు ఇంకో పద్ధతివి. వాటిలో కదిలేది ఇనుప ముక్క. తీగచుట్టే కదిలే పద్ధతిలో జర్మనీకి చెందిన బేయర్ కంపెనీ 1937లో డీటీ 48 అన్న హెడ్‌ఫోన్ తెచ్చింది. ఇప్పుడు మన చెవుల్లో ఉన్నవన్నీ దాదాపు ఆ కుటుంబమే. 1980లలో నియోడిమియం అయస్కాంతాలు రావడంతో అదే బలం గోరంత ముక్కలో ఇమిడింది. చెవిలో పెట్టుకునేవాటిలో 10 మిల్లీమీటర్లు, తలకు తొడుక్కునేవాటిలో 40, 50 మిల్లీమీటర్లు మామూలు. పెద్ద పొర ఎక్కువ గాలిని నెట్టగలదు, అంతవరకే. పొర ఎంత బిగువుగా ఉంది, ఏ పదార్థం, వెనక గాలి పోయే రంధ్రాలు ఎలా పెట్టారు అన్నవే నాణ్యతను తేల్చేవి. వాటిలో ఒక్కటీ డబ్బా మీద ఉండదు.

ఇక అసలు సంగతి చెప్పే జంట దగ్గరికి వద్దాం. ఇంపిడెన్స్, సెన్సిటివిటీ. ఈ రెంటినీ విడివిడిగా చదివితే ప్రయోజనం లేదు.

ఇంపిడెన్స్ అంటే తీగచుట్ట విద్యుత్తుకు పెట్టే అడ్డు. ఫోన్ల కోసం చేసినవి 16 నుంచి 32 ఓంల మధ్య ఉంటాయి. స్టూడియోల్లో వాడేవి 80, 250, 300, ఒక్కోసారి 600 ఓంలు కూడా. బేయర్‌డైనమిక్ డీటీ 770 ప్రో అన్న ఒక్క మోడలే 32, 80, 250 ఓంలలో దొరుకుతుంది. 'ఎక్కువ ఓంలు అంటే ఎక్కువ క్వాలిటీ' అని ఎవరో చెబితే విని 250 ఓంల హెడ్‌ఫోన్ కొని ఫోనుకు తగిలిస్తే, వాల్యూమ్ మొత్తం పెంచినా పాట నీరసంగా వినబడుతుంది. తప్పు హెడ్‌ఫోన్‌ది కాదు, ఫోన్‌దీ కాదు. జత కుదరలేదు, అంతే.

కుదిరిందో లేదో ముందే లెక్క వేయొచ్చు. దానికి సెన్సిటివిటీ కావాలి, అదీ యూనిట్‌తో సహా. 100 డెసిబెల్స్ అని ఊరికే రాస్తే సగమే చెప్పినట్టు. ఒక మిల్లీవాట్ శక్తి ఇస్తే 100 డెసిబెల్సా, ఒక వోల్ట్ ఇస్తే 100 డెసిబెల్సా? 32 ఓంల తీగచుట్టకు ఒక వోల్ట్ ఇస్తే అందులో ఖర్చయ్యే శక్తి సుమారు 31 మిల్లీవాట్లు. డెసిబెల్ లెక్కలో 31 రెట్లంటే 15 అదనం. అంటే మిల్లీవాట్‌కు 100 అన్నది వోల్ట్‌కు 115 అవుతుంది. అదే 300 ఓంల దానికి ఒక వోల్ట్ ఇస్తే ఖర్చయ్యేది 3.3 మిల్లీవాట్లే, అదనం 5. వోల్ట్‌కు 105. రెండు డబ్బాల మీదా 'సెన్సిటివిటీ 100' అనే ఉంటుంది. ఒకే ఫోన్‌కు తగిలిస్తే మాత్రం రెంటి మధ్య పది డెసిబెల్స్ తేడా. మన చెవికి పది డెసిబెల్స్ పెరిగితే శబ్దం రెట్టింపైనట్టు తోస్తుంది. ఒకే అంకె కింద ఇంత తేడా దాగి ఉంది, యూనిట్ రాయనందువల్లే.

'మూడు అటూ ఇటూగా' అన్నదాన్ని కూడా తేలిగ్గా తీసుకోవద్దు. మూడు డెసిబెల్స్ అంటే శక్తిలో రెట్టింపు. ఒకే కంపెనీ, ఒకే మోడల్‌లో ఒక పీసు 97, ఇంకో పీసు 103 పలికినా డబ్బా మీది మాట అబద్ధం కాదు. శక్తి లెక్కన అది నాలుగింతల తేడా. చౌక హెడ్‌సెట్లలో కుడిచెవిలో పాట ఎక్కువగా, ఎడమచెవిలో తక్కువగా వినబడేది కొన్నిసార్లు ఇందువల్లే. చెవిలో గుబిలి వల్ల కూడా కావచ్చు. కుడిదీ ఎడమదీ మార్చి పెట్టుకుంటే తప్పు ఎవరిదో తేలిపోతుంది.

115 డెసిబెల్స్ అన్న అంకెను పైన మామూలుగా అనేశాం గానీ అది భయపడాల్సిన అంకె. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పెద్దవాళ్లు 80 డెసిబెల్స్ శబ్దాన్ని వారానికి 40 గంటలదాకా వినొచ్చు. 90 డెసిబెల్స్ అయితే నాలుగు గంటలే. పిల్లలకైతే 40 గంటలకు 75 డెసిబెల్స్. పది డెసిబెల్స్ పెరిగితే గంటలు పదోవంతుకు పడిపోతున్నాయి, ఎందుకంటే పది డెసిబెల్స్ అంటే చెవిలోకి వచ్చే శక్తి పదింతలు. ఆర్టీసీ బస్సు ఇంజను మోతను దాటించాలని వాల్యూమ్ పెంచేవాళ్లు ఈ 90ని తెలియకుండానే దాటేస్తారు. లోపలి చెవిలోని సూక్ష్మ రోమకణాలు ఒకసారి చస్తే మళ్లీ పుట్టవు. చెవికి బిగువుగా పట్టే మొగ్గలు ఉంటే బయటి మోత తగ్గి, తక్కువ వాల్యూమ్‌తోనే పని గడుస్తుంది. మొగ్గలు మార్చి చూడమనడానికి ఇది రెండో కారణం.

'గరిష్ఠ శక్తి 20 మిల్లీవాట్లు' వంటిది చూసి ఎంత శబ్దం వస్తుందో అనుకోవద్దు. అది కాలిపోకుండా తట్టుకునే హద్దు. ఒకప్పుడు టేప్‌రికార్డర్ల మీదా కంప్యూటర్ స్పీకర్ల మీదా వేలకు వేలు 'పీఎంపీఓ వాట్లు' అని వేసేవాళ్లు, గుర్తుందా? గోడ ప్లగ్గులోంచి అన్ని వాట్లు వస్తే ఇంట్లో ఫ్యూజు ఉండేది కాదు. ఆ సంప్రదాయం ఇంకా పూర్తిగా పోలేదు. రెండే డ్రైవర్లున్న హెడ్‌సెట్ మీద '7.1 సరౌండ్' అని ఉంటే అది సాఫ్ట్‌వేర్ చేసే కనికట్టు.

మైక్ దగ్గరికొస్తే, డబ్బాల మీద అన్యాయం జరిగేది దీనికే. హెడ్‌సెట్ కొనేవాళ్లలో ఎక్కువమందికి కావలసింది మాట: ఆన్‌లైన్ క్లాసు, ఆఫీసు మీటింగు, అమెరికాలో ఉన్న కూతురితో గంటసేపు కబుర్లు. డబ్బా మీద మాత్రం మైక్‌కు ఒక్క వరస.

ఆ గింజంత మైక్ పేరు ఎలెక్ట్రెట్. 1962లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో గెర్హార్డ్ సెస్లర్, జేమ్స్ వెస్ట్ కలిసి కనిపెట్టారు. టెఫ్లాన్ వంటి పలచని పొరలో విద్యుదావేశాన్ని ఏళ్లతరబడి కదలకుండా బంధించి ఉంచడం అందులోని కీలకం. మాట తగిలి పొర కదిలితే వోల్టేజీ మారుతుంది. ఆ మార్పు అతి బలహీనం కాబట్టి దాన్ని అక్కడికక్కడే బలపరచడానికి లోపల చిన్న ట్రాన్సిస్టర్ ఉంటుంది. దానికి కావలసిన రెండు వోల్టుల పైచిలుకు వోల్టేజీని ఫోనే పంపుతుంది, మీ మాట వెనక్కి వచ్చే ఆ వైరులోనే.

మైనస్ 42 డెసిబెల్స్ అంటే, ఒక పాస్కల్ ధ్వనిపీడనానికి మైక్ ఒక వోల్ట్ కంటే 42 డెసిబెల్స్ తక్కువ, అంటే సుమారు 8 మిల్లీవోల్టులు ఇస్తుందని. ఒక పాస్కల్ అంటే 94 డెసిబెల్స్, నోటికి బాగా దగ్గరగా పెట్టుకుని గట్టిగా మాట్లాడినంత. అంకె సున్నాకు దగ్గరైనకొద్దీ మైక్ సున్నితం: మైనస్ 38 మైనస్ 42 కంటే మెరుగు. అయితే ఇక్కడొక మెలిక. కొన్ని డబ్బాల మీద మైనస్ 58 అని ఉంటుంది. చూడగానే నాసిరకం అనిపిస్తుంది. పాత పద్ధతిలో పాస్కల్‌కు బదులు మైక్రోబార్‌ను ప్రమాణంగా తీసుకునేవారు. పాస్కల్‌కు పది మైక్రోబార్లు, డెసిబెల్ లెక్కన 20 తేడా. కాబట్టి ఆ మైనస్ 58 ఈ మైనస్ 38తో సమానం. నాసిరకం అనుకున్నది నిజానికి ఎక్కువ సున్నితమైన మైక్! ప్రమాణం రాయని డబ్బా చేతికొస్తే ఈ రెంటినీ పోల్చే దారే లేదు.

ఇంతా చేసి, సున్నితత్వం ఎక్కువైతే మంచిదని కూడా కాదు. సున్నితమైన మైక్ మీ మాటతోపాటు ఫ్యానునూ, కుక్కర్ విజిల్‌నూ అంతే శ్రద్ధగా వింటుంది. మాటకూ మోతకూ మధ్య దూరాన్ని పెంచేది మైక్ ఉన్న చోటు. నోటికీ మైక్‌కూ దూరం సగమైతే మాట సుమారు ఆరు డెసిబెల్స్ పెరుగుతుంది. గదిలోని ఫ్యాను మోత మాత్రం అంతే ఉంటుంది. మెడ దగ్గర వైరు మీద వేలాడే మైక్ నోటికి దాదాపు 20 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. బుగ్గ మీదుగా కొమ్మలా వచ్చే మైక్ మూడు సెంటీమీటర్ల దూరంలో. ఈ తేడా ఒక్కటే పదిహేను డెసిబెల్స్ పైన లాభం. కాల్ సెంటర్లలో అందరికీ కొమ్మ మైక్‌లే ఇచ్చేది అందుకే. రోజంతా మాట్లాడే ఉద్యోగమో పాఠాలు చెప్పే పనో అయితే వేరే ఏ అంకె చూడకపోయినా కొమ్మ మైక్ ఉందా అన్నది చూడండి. దాన్ని పెదాలకు ఎదురుగా కాక కాస్త పక్కకు పెట్టుకుంటే 'ప', 'బ' పలికినప్పుడు వచ్చే ఊపిరి దెబ్బ కూడా తగలదు.

డబ్బా మీది 'నాయిస్ క్యాన్సిలింగ్' అన్న మాటను కూడా విడదీసి చదవాలి. చౌక వైరు హెడ్‌సెట్ మీద ఉంటే అది ఎక్కువగా మైక్ సంగతి. మీ వైపు మోత అవతలివాళ్లకు తక్కువగా చేరుతుంది. మీ చెవికి వినబడే బస్సు మోత తగ్గదు. అది తగ్గాలంటే చెవుల దగ్గర వేరే మైక్‌లు, వాటిని నడిపే సర్క్యూటు, దానికి బ్యాటరీయో యూఎస్‌బీ కరెంటో కావాలి.

మైక్ ఫ్రీక్వెన్సీ 100 హెర్ట్జ్ నుంచి 10 కిలోహెర్ట్జ్ దాకా ఉంటే మాటకు ధారాళంగా సరిపోతుంది. ఇరుకంతా దారిలోనే ఉంది. పాత టెలిఫోన్ లైను 300 నుంచి 3,400 హెర్ట్జ్ దాకానే మోసేది. 'స'కారపు బలం ఎక్కువగా నాలుగు కిలోహెర్ట్జ్ పైన ఉంటుంది. లైను దాన్ని కోసేస్తే 'స'కూ 'ఫ'కూ తేడా చెరిగిపోతుంది. బ్యాంకువాళ్లు 'సైన్ పడింది' అంటే మనకు 'ఫైన్ పడింది' అని వినబడి గుండె ఆగినంత పనయ్యేది ఇలాగే. ఇప్పటి హెచ్‌డీ కాల్స్ ఏడు కిలోహెర్ట్జ్ దాకా మోస్తాయి, 'స' చాలావరకు బతుకుతుంది.

చివరికి పిన్. 3.5 మిల్లీమీటర్లు అని డబ్బా మీద ఉంటుంది గానీ ఆ కొలత చెప్పనిదే ఎక్కువ. పిన్ మీది నల్లగీతలు లెక్కపెట్టండి. రెండుంటే మూడు ముక్కలు: ఎడమ, కుడి, గ్రౌండ్. మైక్ లేనట్టే. మూడుంటే నాలుగు ముక్కలు, మైక్ ఉంది. కొన నుంచి మొదటి రెండు ముక్కలు ఎడమ, కుడి. తర్వాతి రెంటిలో ఏది గ్రౌండ్, ఏది మైక్ అన్నదాని మీద ప్రపంచం ఒకప్పుడు రెండుగా చీలింది. పాత నోకియా ఫోన్లలో చాలావాటిది ఓఎంటీపీ పద్ధతి. మొదలు దగ్గరి ముక్క గ్రౌండ్, దానిముందుది మైక్. 2007లో వచ్చిన ఐఫోన్‌ది దీనికి తలకిందులు. ఆ పద్ధతే సీటీఐఏ పేరుతో మిగతా ఫోన్లకూ పాకి నిలబడింది.

ఒక పద్ధతి హెడ్‌సెట్‌ను ఇంకో పద్ధతి ఫోన్‌కు తగిలిస్తే వింత జరుగుతుంది. వాయిద్యాలు మోగుతుంటాయి, గాయకుడు మాయమైపోతాడు. ఎక్కడో బావిలోంచి ప్రతిధ్వని మాత్రం వస్తుంది. పిన్ పూర్తిగా లోపలికి పోకపోయినా ఇదే తంతు. కారణం ముచ్చటైనది. స్టీరియో రికార్డింగులో గాయకుడి గొంతును మధ్యలో నిలబెట్టడానికి కుడిఎడమలు రెంటిలోనూ సమానంగా వేస్తారు. వాయిద్యాలను అటూ ఇటూ పంచుతారు. గ్రౌండ్ దారి తెగిపోతే రెండు డ్రైవర్లూ ఒకదాని వెనక ఒకటి కలిసి, కుడిఎడమల మధ్య తేడా మాత్రమే వాటిలోంచి పారుతుంది. రెండు కొసల్లోనూ సమానంగా ఉన్న గొంతుకు తేడా సున్నా, కాబట్టి కరెంటే పారదు. అసలు మోనోలోనే రికార్డయిన 1950ల నాటి పాటనైతే వాయిద్యాలతో సహా మొత్తంగా మింగేస్తుంది. ఇలా అయినప్పుడు మైక్ దగ్గరి బటన్ నొక్కి పట్టుకుంటే గాయకుడు తిరిగొస్తాడు. ఆ బటన్ చేసే పనే మైక్‌నూ గ్రౌండ్‌నూ కలిపేయడం, దాంతో తెగిన దారి మళ్లీ అతుక్కుంటుంది. ఫోన్ ఆ కలయికను చూసే 'కాల్ ఎత్తాలి', 'పాట ఆపాలి' అని తెలుసుకుంటుంది. చాలా హెడ్‌సెట్లలో వాల్యూమ్ బటన్ల వెనక ఉండేవి వేర్వేరు విలువల రెసిస్టర్లు.

డెస్క్‌టాప్ కంప్యూటర్లలో ఇంకో చిక్కు. చాలావాటికి ఆకుపచ్చ రంధ్రం చెవికి, గులాబీరంగు రంధ్రం మైక్‌కు, విడివిడిగా ఉంటాయి. మూడు గీతల పిన్‌ను ఆకుపచ్చదాంట్లో పెడితే పాట వస్తుంది, మైక్ పలకదు. ఒకటిని రెండుగా చీల్చే వై వైరు చవకగానే దొరుకుతుంది. యూఎస్‌బీ-సి పిన్ ఉన్నవి కొనేటప్పుడు ఇంకొంచెం జాగ్రత్త. కొన్నిటిలో డిజిటల్‌ను ధ్వనిగా మార్చే చిప్ పిన్‌లోనే ఉంటుంది. చిప్ లేనివి ఫోన్ లోపలి సర్క్యూటు మీద ఆధారపడతాయి. అన్ని ఫోన్లూ ఈ రెండో రకాన్ని ఒప్పుకోవు.

వైర్‌లెస్ కాలంలో ఇదంతా ఎందుకంటారా? మీటింగులో బ్లూటూత్ మైక్ ఆన్ చేయగానే చెవిలోని ధ్వని కూడా ఒక్కసారిగా పాత టెలిఫోన్‌లా మారడం చాలామంది గమనించే ఉంటారు. మామూలు బ్లూటూత్‌లో మాట రెండువైపులా పోవాల్సి వస్తే ఇరుకు దారిలోకి దిగాలి. వైరుకు ఆ బాధ లేదు, ఆలస్యం లేదు, ఛార్జింగు లేదు. ఎఫ్‌ఎం ఉన్న ఫోన్లలో ఆ వైరే యాంటెనా. వంద మెగాహెర్ట్జ్ దగ్గర తరంగం పొడవు మూడు మీటర్లు, అందులో పావు వంతు 75 సెంటీమీటర్లు. 1.2 మీటర్ల వైరు ఆ పనికి చక్కగా పనికొస్తుంది. రేడియో పెట్టగానే ఫోన్ 'హెడ్‌సెట్ తగిలించండి' అని అడిగేది అందుకే.

కొనేటప్పుడు డబ్బా మీద సెన్సిటివిటీకి యూనిట్, మైక్‌కు ప్రమాణం రాసి ఉన్నాయేమో చూడండి. ఆ రెండూ రాసినవాళ్లు కొలిచే రాసి ఉండటానికి అవకాశం ఎక్కువ. కుదిరితే షాపులోనే మీ ఫోన్‌కు తగిలించి, వాయిస్ రికార్డర్‌లో రెండు మాటలు మాట్లాడి వినండి, గాయకుడున్న పాట ఒకటి పెట్టి చూడండి. డబ్బా విప్పడానికి ఒప్పుకోని షాపులో కొనకండి.